ఆఖరి సీనులో చింతపండు

ఇదొక మహాకావ్యం. ఇందులో స్నేహం ఉంది, ద్రోహం ఉంది, సముద్రం ఉంది. పొగమంచులోంచి నడిచొచ్చే చనిపోయిన పిల్ల ఉంది. కత్తి పట్టిన వీరుడు కూడా ఒకడున్నాడు. ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పకుండా మోస్తున్న బరువు ఉంది. కాస్త సర్దుకుని కూర్చోండి.

సర్దుకున్నారా? క్షమించాలి. మహాకావ్యం ఏమీ కాదు. ఆ కత్తి అట్టముక్కది. సముద్రం జపాన్‌ది, అదీ బొమ్మ. నేను చేసిన పని కూడా చెప్పుకోవడానికి ఏమంత లేదు. ఒక ఫైలు వేయాల్సిన చోట ఇంకో ఫైలు వేశాను. పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి లొంగిపోతే టీ ఇచ్చి పంపించేస్తారు.

బరువు మాత్రం నిజం. బరువు అన్నా ఎక్కువే. చెప్పులో ఇరుక్కున్న చిన్న రాయి లాంటిది. నడక ఆగదు, పక్కవాడికి తెలియదు. అడుగు పడినప్పుడల్లా మనకి తెలుస్తుంది.

మాది చల్లపల్లి దగ్గర. డిగ్రీకి విజయవాడ వచ్చినప్పుడు నాకు జపాన్ యానిమేల పిచ్చి పట్టింది. మా అమ్మ లెక్కలో అవి బొమ్మల సినిమాలు, మీసాలొచ్చినవాడు చూడకూడనివి. ఆ పిచ్చిలోనే జానీ పరిచయమయ్యాడు. వాళ్ళ నాన్నగారికి వన్ టౌన్‌లో పరుపుల కొట్టు. జానీ ఏ కోర్సూ చేయకుండా, విని విని జపనీస్ నేర్చుకున్నాడు. నేనూ అన్నే విన్నాను. నాకు అరుపులు మాత్రం వచ్చాయి.

అతనికి ఈ పిచ్చి అంటించింది వాళ్ళక్క షమీమ్. నేను ఆవిణ్ణి చూడలేదు. మా పరిచయానికి ముందే జ్వరమొచ్చి పోయింది. తర్వాత కూడా జానీ ఒక్కడే కూర్చుని చూస్తుంటే వాళ్ళమ్మ వచ్చి పక్కన కూర్చునేదట. భాష తెలియదు. "ఏమంటుందిరా ఆ పిల్ల?" అని అడిగేదట. అతను చెప్పేవాడు. చెప్పీ చెప్పీ చివరికి తెర కింద తెలుగులో రాయడం మొదలుపెట్టాడు. వాళ్ళింట్లో మాట్లాడేదీ తెలుగే, ఆవిడ చదివేదీ తెలుగే. మా తెలుగు సబ్‌టైటిల్స్ గ్రూపు అలా పుట్టింది. బయటివాళ్ళు అభిమాన సంఘం అనుకునేవారు. నిజానికి అది ఒక తల్లి కోసం ఒక కొడుకు పెట్టుకున్న ఏర్పాటు. మేమందరం మధ్యలో దూరాం.

అందులో నా పని టైమింగ్. మాట తెర మీదికి ఎప్పుడు రావాలి, ఎప్పుడు పోవాలి అన్నది చూడటం. జానీ అనువాదం నెమ్మది, నా పని తొందర. అతను మాటలు ఇచ్చేలోపు నేను సినిమా చివరిదాకా టైమింగ్ చేసేసేవాణ్ణి. లైను ఖాళీగా ఉంటే పని నడవదు కాబట్టి అక్కడ ఏదో ఒకటి కొట్టి ఉంచాలి. తర్వాత అనువాదం చేసేవాడు దాన్ని చెరిపి అసలు మాట పెడతాడు. ఈ పని చేసేవాళ్ళు చాలామంది అక్కడ అ ఆ ఇ ఈ అని కొట్టి వదిలేస్తారు. నేను జోకులు రాసేవాణ్ణి. సమురాయ్ కత్తి దూసి ఉరుముతుంటే కింద 'బొండాం ఎంతన్నా?' అని ఉండేది. జానీ పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నవ్వి, చెరిపేసేవాడు. నేను రాసిన ప్రతి వాక్యం చెరిపేయడానికే పుట్టేది. అప్పట్లో అది నాకు బాధగా ఉందని తెలియదు.

ఒక సినిమా దొరికింది. పేరు అనవసరం. ఒక బెస్త తండ్రి, సముద్రంలో పోయిన కూతురు. ఆఖరి సీనులో పొగమంచులోంచి ఆ పిల్ల ఒడ్డు దాకా వస్తుంది. తండ్రితో కాసేపు ఉంటుంది. వెనక్కి తిరిగి 'ఇత్తెకిమస్' అంటుంది. జపాన్‌వాళ్ళు గుమ్మం దాటేటప్పుడు రోజూ అనే మాట అది.

"'వెళ్ళొస్తా' అని పెట్టేయ్. అచ్చు గుద్దినట్టు సరిపోద్ది," అన్నాను.

"సరిపోద్ది. అందుకే వద్దు," అన్నాడు జానీ.

"మరేం పెడతావు?"

టైపు చేసి చూపించాడు. 'గడియ పెట్టకండి. నేనొచ్చి పెట్టుకుంటా.'

"ఇదేంట్రా? జపాన్ పిల్లకి మీ ఇంటి గడియతో ఏం పని?"

"అక్క అనేది. ట్యూషన్ చెప్పడానికి వెళ్తా రోజూ ఇదే మాట. గుమ్మం దిగాక అనేది, వెనక్కి చూడకుండా." గడియ దగ్గర ఒక అక్షరం సరిచేశాడు. "ఆఖర్లో అక్క మాట ఒకటి పెట్టానని అమ్మకి చెప్పాను. ఏ మాటో చెప్పలా. తనే చదువుకుంటది."

"లైను పొడుగైంది బాబూ. చదివేలోపు పోద్ది."

"తర్వాత ఎవరూ మాట్లాడరుగా, సముద్రమేగా. ఆ సముద్రం మీద కూడా ఉంచు. అమ్మ నిదానంగా చదువుద్ది."

"చిత్తం మహాప్రభో," అన్నాను.

ఉంచాను. ఆ పిల్ల పొగమంచులో కలిసిపోయాక, ఖాళీ సముద్రం మీద ఆ రెండు ముక్కలు అలా నిలబడి ఉన్నాయి. సరిగ్గా వచ్చిందో లేదో చూసుకుందామని ఒకసారి నడిపాను. నాకు ఏడుపొచ్చింది. కళ్ళు చెమర్చడం లాంటి మర్యాదైన ఏడుపు కాదు, ముక్కు కారే ఏడుపు. ఎవరూ చూడలేదు. చూడలేదని నిర్ధారించుకున్నాక కోపమొచ్చింది. ఎవరి మీద? జానీ మీదా? ఎన్నాళ్ళుగానో అతని పక్కన కూర్చుని జోకులు కొడుతున్నవాడికి ఇదేదో లోపలికి దిగబడిపోయిందే అని నా మీద నాకా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

గ్రూపువాళ్ళందరినీ పిలిచి ఆ సినిమా వేద్దామన్నారు. ఆదివారం బజారుకి సెలవు. జానీ వాళ్ళ కొట్టు పైన గోడౌన్‌లో, పరుపుల గుడ్డ తెల్లది గోడకి కట్టి తెర చేశాం. అమ్ముడుపోని పరుపులే సీట్లు. అంత సుఖమైన థియేటర్ విజయవాడలో ఇంకోటి లేదు. హనుమాన్ జంక్షన్ నుంచి ఒకడు జుట్టుకి నీలం రంగు కొట్టుకుని, అట్టకత్తి నడుముకి కట్టుకుని బస్సులో వచ్చాడు. కండక్టర్ ఆ కత్తికి లగేజీ టిక్కెట్టు కొట్టాడట. మొదట్లో చెప్పిన వీరుడు వీడే.

ఆ పొద్దున జానీ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి నా చేతికిచ్చి, పరుపులు సర్దడానికి వెళ్ళాడు. నా లాప్‌టాప్‌లో అంతకు ముందు వారం నాటి ఫైలు ఉంది. అందులో సినిమా అంతా జానీ మాటలే. ఆఖరి సీను దాకా మాత్రం అతను అప్పటికి రాలేదు. అక్కడ నా మాటలున్నాయి. పిల్ల వెనక్కి తిరిగి 'చింతపండు అయిపోయింది, తెస్తా' అంటుంది. తండ్రి సముద్రం వైపు చూస్తూ 'వస్తూ బెల్లం కూడా పట్రా' అంటాడు.

కొత్తగా పాపం చేయాల్సిన పని కూడా లేదు. పాతది నొక్కితే చాలు. నొక్కాను. ఒకవేళ అడిగితే చెప్పడానికి మాట కూడా సిద్ధంగా ఉంది: నువ్వే పాత ఫైలు ఎక్కించావు. పెన్‌డ్రైవ్‌లో సరైన ఫైలు తీసేసి పాతది పెట్టాను, ఆ మాటకి బలంగా ఉంటుందని. సరదాకి చేశానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటున్నాను. సరదాకి చేసేవాడు సాక్ష్యం మారుస్తాడా?

వాళ్ళమ్మ వస్తుందని జానీ చెప్పాడు. రాదని నేను అనుకున్నాను. కూతురు పోయాక ఆవిడ పెళ్ళిళ్ళకి కూడా వెళ్ళట్లేదు. రాదనుకున్నానా, రాదని అనుకోవడం నాకు వీలుగా ఉందా? ఏమైతేనేం, ఆవిడ వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుని, మెట్లెక్కిన ఆయాసంతో. ముందు వరస పరుపు మీద కూర్చుంది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి పెట్టుకుంది.

అప్పటికి సినిమా మొదలే కాలేదు. లాప్‌టాప్ నా ఒళ్ళోనే ఉంది. సరైన ఫైలు కాపీ కూడా అందులోనే ఉంది. మార్చడానికి సినిమా నిడివి అంత సమయం ఉంది నాకు. కంగారులో జరిగింది, క్షణికావేశం, ఇలాంటి మాటలేవీ నాకు పనికిరావు. నేను ఆవిడ వీపు చూస్తూ కూర్చున్నాను. ప్రతి లైనుకీ ఆవిడ తల ఎడమ నుంచి కుడికి కదిలేది. ఇంకా టైముందిలే అనుకున్నాను. అనుకుంటూ ఉండగానే పొగమంచు వచ్చేసింది.

గోడౌన్ గొల్లున నవ్వింది. అప్పటిదాకా ముక్కులు ఎగబీలుస్తున్నవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. హనుమాన్ జంక్షన్ వీరుడు కత్తితో సహా పరుపు మీంచి దొర్లాడు. నా జీవితంలో నా మాటకి వచ్చిన అతి పెద్ద నవ్వు అది. చాలా బాగుంది. అబద్ధం చెప్పను, ఆ కాసేపు చాలా బాగుంది.

ఆవిడ చుట్టూ చూసింది. అందరూ నవ్వుతున్నారు కాబట్టి తనూ కొంచెం నవ్వింది. లైట్లు వేశాక కొడుకుని దగ్గరికి పిలిచి అడిగింది. గుసగుసగానే అడిగింది, కానీ నేను పక్కనే ఉన్నాను.

"ఎప్పుడందిరా షమీమ్ ఆ మాట? చింతపండు మాట. నాకు గుర్తు రావట్లేదే."

ఆవిడ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని, గుర్తు తెచ్చుకోవడానికి ఇంకా ప్రయత్నిస్తోంది. కూతురి మాట తనే మర్చిపోయింది అనుకుంటోంది.

తర్వాత జానీ నా దగ్గరికి వచ్చాడు. మొహంలో రంగు లేదు. "పాత ఫైలు ఎక్కించినట్టున్నాన్రా. చూసుకోలా. నీ కష్టమంతా వేస్టు చేశాను. సారీ రా," అన్నాడు.

"పర్లేదులేరా," అన్నాను.

ఈ కథలో క్షమించడం అంటూ జరిగింది అదొక్కటే. నేను అతన్ని క్షమించాను.

అసలు ఫైలు ఇంట్లో ఉంటుందిగా, సాయంత్రం అమ్మకి చూపించుకోవచ్చుగా అని మీరు అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని అన్నం తిన్నాను. అతను చూపించలేదు. అంతమంది నవ్విన చోట అక్క మాట మళ్ళీ బయటికి తీయడం అతని వల్ల కాలేదు. ఉన్నవన్నీ చెరిపేశాడని తర్వాత తెలిసింది. సబ్‌టైటిల్స్ మానేశాడు, చూడటమూ మానేశాడు. ఎవరైనా అడిగితే "కొట్లో పని రా" అనేవాడు. అక్క నుంచి అతనికి మిగిలింది ఆ పిచ్చి ఒక్కటే అని నాకు తెలుసు. తెలిసి కూడా ఇంకో జోకు వేసి మాట మార్చేవాణ్ణి. 'నువ్వుంటే ఏడుపే రాదురా' అని స్నేహితులు నన్ను ఇప్పటికీ మెచ్చుకుంటారు.

చెప్పడానికి ఇంకో అవకాశం కూడా వచ్చింది. జానీ పెళ్ళిలో వాళ్ళమ్మ నన్ను గుర్తుపట్టి, "సినిమా బాబు" అంటూ ఎవరికో పరిచయం చేసి, విస్తట్లో తనే ఇంకో ముక్క వేసింది. వేసి, పక్కనే నిలబడిపోయింది.

"బాబూ, ఆ చింతపండు మాట... షమీమ్ ఎప్పుడందో మావాడు నీకేమన్నా చెప్పాడా? వాణ్ణి అడిగితే లేచి వెళ్ళిపోతాడు."

అసలు మాట నా నోట్లోనే ఉంది. గడియ పెట్టకండి, నేనొచ్చి పెట్టుకుంటా. అంతే. బిర్యానీ మింగి ఆ మాట చెప్పేస్తే ఆవిడకి కూతురు ఒక్క క్షణం గుమ్మం దాకా వచ్చేది. కానీ ఆ మాట నీకెలా తెలుసు, మరి ఆ రోజు తెర మీదికి ఎందుకు రాలేదు అంటే?

"నాకూ గుర్తులేదాంటీ. మీ బిర్యానీ తింటే అన్నీ మర్చిపోతారండీ ఎవరైనా," అన్నాను.

ఆవిడ నవ్వింది. మర్యాదకి.

అంతకు ముందు చేసింది కుర్రతనం అనుకుంటే అనుకోండి. ఈ రెండోది కుర్రతనం కాదు. అప్పటికి నాకు ఉద్యోగం ఉంది, హనుమాన్ జంక్షన్‌లో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో. ఏ లారీ ఎక్కడ ఆగిపోయిందో కనుక్కుని సరుకు పంపిన పార్టీకి చెప్పడం నా పని. రోజంతా అదే చెబుతాను. ఆవిడకి చెప్పలేకపోయాను.

ఇప్పుడు మీకెందుకు చెబుతున్నాను? మీరు జానీ కాదు కాబట్టి. వాళ్ళమ్మ కాదు కాబట్టి. మీరు నన్ను ఏమనుకున్నా రేపు నాకు ఎదురుపడరు. ఇది ధైర్యం కాదని తెలుసు. మీరు క్షమించినా చెల్లదు, అది మీ చేతిలోది కాదు. అయినా రాస్తుంటే ఊపిరి కాస్త లోపలిదాకా వెళ్తోంది. ఇంత చిన్న సంగతికా ఇన్నేళ్ళు అనిపిస్తోంది, ఇది చిన్న సంగతేనా అని కూడా అనిపిస్తోంది. అతను తప్పు ఫైలు ఎక్కించలేదు. నేను మార్చాను. ఆవిడ ఏమీ మర్చిపోలేదు. ఆ చింతపండు మాట షమీమ్ ఎప్పుడూ అనలేదు, నేను రాశాను. ఇంతే నేను చెప్పాల్సింది. ఎక్కడా జోకు లేకుండా రాసిన మొదటి నాలుగు వాక్యాలివి.

నిన్న అటక మీంచి పాత లాప్‌టాప్ దించి వెతికాను. అసలు ఫైలు దొరికింది. సినిమా మాత్రం అందులో లేదు. మళ్ళీ డౌన్‌లోడ్ చేశాను. ఇప్పుడు దొరికే కాపీలో మొదట్లో వచ్చే కంపెనీల లోగో బొమ్మలు తీసేశారు. దానికి పాత కాపీ లెక్కన చేసిన ఆ ఫైలు పెడితే ప్రతి లైనూ కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తోంది.