ఏలినవారి వంకలు

మునెహికో గారికి వంక పెట్టందే ముద్ద దిగేది కాదు. చిలగడదుంప పెడితే పీచు. బార్లీ గంజి పోస్తే పలచన. ఏదీ దొరక్క ముల్లంగి ఆకు ఉడికించి పెడితే, దాని రంగులో మర్యాద లేదు. సగం తిని పళ్ళెం పక్కకు నెట్టేసేవారు.

యుద్ధం ఓడిపోయాక అది మూడో చలికాలం. టోక్యోలో బూడిదకు తప్ప అన్నిటికీ కొరతే. చక్రవర్తికి దాయాదులైన మునెహికో గారి ఇసోనో వంశానికి ఆ అక్టోబరులోనే రాచహోదా ఊడింది. భవనం పన్నుకింద పోయింది. మిగిలింది తోటమాలి గది, అందులో ఏలినవారు, ముసలి వంటమనిషి తొకియె.

రేషను ఆఫీసులో గుమాస్తా ఇంటిపేరు అడిగాడు.

"రాచవారికి ఇంటిపేరు ఉండదు కదా, మొన్నటిదాకా మాకు లేదు నాయనా. ఇప్పుడే తగిలించారు. కాస్త బిగుతుగా ఉంది" అన్నారాయన.

పక్కింటి ఒహమా ఊరుకునేది కాదు. "రాజ్యం పోయిన సంగతి మీ ముసలాయన పొట్టకింకా తెలిసినట్టు లేదే" అనేది.

"నోరు ముయ్యి" అనేది తొకియె. కడుపు మాత్రం మండేది. ఆ వీధిలో ఆకలికి ఇద్దరు పోయారు. ఈయనేమో రుచులు ఎంచుతున్నారు.

ఒకరోజు తన పట్టు నడికట్టు అమ్మి, దొంగబజారులో గుప్పెడు బియ్యం, ఒక గుడ్డు తెచ్చి వండింది.

"గుడ్డు గుండ్రంగా లేదు" అని సగం వదిలేశారు.

తొకియె పళ్ళెం తీసుకుని విసురుగా బయటికి వచ్చింది. తలుపు సందులోంచి చూస్తే, ఏలినవారు చాపమీద మెతుకులు వెతికి వెతికి నోట్లో వేసుకుంటున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. వేసవిలో ఆయన "చెరి సగం తిందాం" అంటే, అపచారమని నేలకు తల ఆనించి ఆ పూటంతా పస్తు ఉంది తను. ఆ ఇంట్లో నౌకర్లు తినేది ఏలినవారు వదిలిందే. ఆ మర్నాటి నుంచే ఈ వంకలు. తొకియెకు ఏడుపు వచ్చినంత పనైంది.

తనకు మిగిలినదాంట్లో సగం తిని, పళ్ళెం మళ్ళీ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఏలినవారు సెలవిచ్చింది నిజమే. గుడ్డు గుండ్రంగా లేదు. తినడం నావల్ల కావట్లేదు."

"నౌకరు ఎంగిలి నాకు పెడుతున్నావా?"

తొకియె తల వంచుకుంది. పళ్ళెం మాత్రం తీయలేదు.

ఆయన పళ్ళెం దగ్గరికి లాక్కున్నారు. "సరే. ఏలినవారైతే ముట్టకూడదు. ఇంటిపేరున్న మామూలు మనిషి తినచ్చు" అని మెతుకు మిగల్చకుండా తినేశారు. మూతి తుడుచుకుని అన్నారు:

"ఉప్పు తక్కువైంది, తొకియె."

"చిత్తం. రేపు ఇంకా తగ్గిస్తాను."