ఎవరు తవ్వారో రాయని రిపోర్టు

ఎవరినీ ఒక పట్టాన నమ్మే గుణం కాదు నాది. పాలు పోసిన మనిషి గడప దాటక ముందే గిన్నె మూత తీసి చూసుకుంటాను. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా బ్యాగు ఒళ్లోనే పెట్టుకుంటాను. తిరుమణి సోలార్ పార్కులో యంత్రాల రీడింగులు రాసుకునే నా ఉద్యోగానికి ఈ గుణం బాగానే పనికొచ్చింది. మా ప్లాంటులోని యంత్రాలు జర్మనీవి, వాటి తలుపుల మీద హెచ్చరికలూ జర్మన్‌లోనే ఉంటాయి. ఆ భాష వస్తే బెంగళూరు ఆఫీసుకు తీసుకుంటామని మేనేజరు అన్నాడు. దాంతో రోజూ పొద్దున్నే ఫోన్లో జర్మన్ క్లాసు వినేదాన్ని.

ఆ వారం పాఠం కర్మణి వాక్యాలు. అవీ చెయ్యాలి, చెయ్యొచ్చు, చెయ్యకూడదు లాంటి మాటలతో కలిపి. ‘డీ ట్యూర్ ముస్ గెష్లోసెన్ వేర్డెన్.’ అంటే, తలుపు మూయబడాలి. ‘తప్పదు’ అని చెప్పే ‘ముస్’ దర్జాగా రెండో చోట కూర్చుంటుంది. అసలు పని చెప్పే ‘గెష్లోసెన్’, దాని వెనక ‘వేర్డెన్’, వాక్యం చివర చేతులు కట్టుకుని నిలబడతాయి. మూసేది ఎవరో మాత్రం చెప్పక్కర్లేదంది టీచరు. నాకు అక్కడే అనుమానం వచ్చింది. మా చేను ఈ పార్కుకు లీజుకిచ్చిన కాగితంలోనూ అన్నీ అలాంటి మాటలే. గడువు తీరాక నేల చదును చేయబడును, అప్పగించబడును. చేసేదెవరని నేను అడిగితే ఆ రోజు ముందు సంతకం కానివ్వమన్నారు.

తొలి వాన పడిన మర్నాడు, ఒకప్పటి మా చేనులోనే, రెండు సోలార్ పలకల వరసల మధ్య మట్టి కదిలి కనిపించింది. పొడవుగా తవ్వి, మళ్లీ కప్పేసి, కాలితో అదిమిన గుర్తులు. ఆ చుట్టుపక్కల భూమిలో రాగి తీగ ఉంటుంది. దాని కోసమే ఎవడో వచ్చాడనుకున్నాను. గేటు తాళం చెక్కుచెదరలేదు. తాళంచెవి ఉండేది గార్డు మామ దగ్గర. ఆయన చేను మా చేను పక్కనే ఉండేది. నన్ను పుట్టినప్పటి నుంచి ఎరుగును.

“పొద్దున ఎవరన్నా లోపలికి వచ్చినారా మామా?” అని అడిగాను.

“ఎవురూ రాలేదు పాపా,” అని పక్కకు చూశాడు.

ఆ చూపుతో నా అనుమానం గట్టిపడింది.

మేనేజరు రిపోర్టు రాయమన్నాడు. మామ పేరు రాయడానికి చెయ్యి రాలేదు, ఊరుకోవడానికి మనసూ ఒప్పలేదు. ‘గేటు తాళంచెవితో తెరవబడి ఉండాలి. తీగ కోసం నేల తవ్వబడి ఉండవచ్చు’ అని రాశాను. కొత్త పాఠం భలే పనికొచ్చిందని లోలోపల మురిసిపోయాను కూడా. ఎవరి పేరూ లేదు, నా మీదికి మాటా రాదు. కానీ ఆ పొద్దు డ్యూటీ ఎవరిదో పుస్తకంలో ఉంది. మధ్యాహ్నానికల్లా మామను రేపటి నుంచి రావద్దన్నారు.

ఇంటికి వెళ్లి ఈ సంగతి చెబితే, సంగటి ముద్ద పట్టుకున్న నాయన చెయ్యి ఆగిపోయింది.

“తవ్వింది నేనే మే,” అన్నాడు. “తొలి వానకి మన నేలలో ఒక సాలన్నా ఇత్తు పడాల. మీ తాత కాడ్నించి తప్పలేదు. పలకల సందున నాలుగు శెనక్కాయ ఇత్తులు ఏసొచ్చినా. ఆయప్ప వద్దనే అన్యాడు. నేనే బతిమాలి గేటు తీయించినా, ఎవురికీ చెప్పొద్దని ఒట్టు కూడా ఏయించుకుంటి.”

“నాకన్నా చెప్పకూడదా నాయనా?”

“నీకు చెప్తే రాసుకుంటావు కదమ్మే.”

నాకు తల కొట్టేసినట్టయింది. చిన్నప్పుడు ఈయన నాగలి వెనకే నడిచి సాలులో విత్తనాలు వేసినదాన్ని, కాలితో మట్టి కప్పినదాన్ని. అవే గుర్తులు నా కంటికి దొంగతనంలా కనిపించాయి.

మర్నాడు మేనేజరును వెంటబెట్టుకుని పోయి, మట్టి తీసి వానకు ఉబ్బిన విత్తనాలు చూపించాను. రిపోర్టు మళ్లీ రాశాను. నేల తవ్వింది మా నాయన. ఆయన బతిమాలితే గేటు తీసింది గార్డు. తీగను ఎవరూ ముట్టలేదు. దొంగతనమని ఊహించి రాసింది నేను. మేనేజరు అది రెండుసార్లు చదివి, నా ముఖం చూడకుండా ఫైల్లో పెట్టాడు. నాయన ఇక లోపల అడుగు పెట్టనని సంతకం చేశాడు. బెంగళూరు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కొన్నాళ్లకు మామను తిరిగి పనిలోకి తీసుకున్నారు. ఆ పొద్దు నేను ఎప్పటిలాగే గేటు దాటబోతే, ఆయన కుర్చీలోంచి లేచి అడ్డంగా నిలబడ్డాడు.

“ఐడీ కార్డు చూపించండి మేడమ్,” అన్నాడు.

తీసిచ్చాను. కార్డు మీది ఫొటోను, నా ముఖాన్ని మార్చి మార్చి చూశాడు. పుస్తకంలో నా పేరు, టైము రాసుకుని, అప్పుడు గేటు తీశాడు. ఈ రోజుకీ అలాగే తీస్తున్నాడు.