లేని ఉద్యోగానికి టక్కు చేసుకుని

ఉద్యోగం లేకపోవడాన్నయినా మనిషి కొంతవరకు భరించగలడుగానీ, ఉద్యోగం లేనివాడికి ధైర్యం చెప్పడానికి వచ్చేవాళ్ళను భరించడం మాత్రం మామూలు ప్రాణాలకు సాధ్యం కాదు. నేను మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, నెల్లూరు పక్కన వెంకటాచలం దగ్గరున్న మా ఊళ్ళో, మా ఇంటి వరండాలో, మా నాయన కళ్ళెదుట ఖాళీగా కూర్చున్న ఆ రోజుల్లో, మా ఊరికి ఎవరో ధైర్యాన్ని లారీల్లో తోలుతున్నారేమో అనిపించేది. పాలకేంద్రం దగ్గర నిలబడితే ధైర్యం. క్షవరానికి వెళితే ధైర్యం. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయన కూడా "అధైర్యపడబాకు అబ్బయా" అనేసి పోయేవాడు (ఆ మాట అనేటప్పుడు ఆయన మీటరు వైపే చూసేవాడు కాబట్టి, ధైర్యం నాకు చెబుతున్నాడో దానికి చెబుతున్నాడో తెలిసేది కాదు). ఏమీ చెప్పనిది మా నాయన ఒక్కడే. ఆయన అన్నం తింటూ ఒకే ఒక్కసారి, కోతలయ్యేలోపు ఏదో ఒకటి దొరక్కపోతే బోగోలులో మా పెద్దబావ సిమెంటు కొట్లో కూర్చోవాలని తేల్చిచెప్పి, మజ్జిగ పోసుకున్నాడు. పెద్దబావ మంచివాడే. కానీ ఆ కొట్లో ఒకసారి కూర్చుంటే, తల నెరిసేదాకా నేను 'బామ్మర్ది'గానే మిగిలిపోతానన్న సంగతి నాకు స్పష్టంగా తెలుసు. కొట్టుకు వచ్చే మేస్త్రీలకు ఆ పేరు ఇప్పటికే నోటికి వచ్చేసింది కూడా.

ఈ బాధలన్నీ ఒక ఎత్తు, మా మామ ఒక ఎత్తు. మా అమ్మకు తమ్ముడు. నెల్లూరులో ఒక ఫైనాన్సు ఆఫీసులో మేనేజరు. ఎప్పుడో ఆ ఆఫీసువాళ్ళు ఆయన్ని ఒక వ్యక్తిత్వ వికాసం క్లాసుకు పంపించారు. పంపినవాళ్ళు ఆ సంగతి మరిచిపోయి ఉంటారు, అనుభవించింది మాత్రం మేము. ఆ క్లాసు నుంచి తిరిగొచ్చిన తర్వాత ఆయనకు ప్రపంచంలో చెడ్డదంటూ ఏదీ కనిపించడం మానేసింది. కరెంటు పోతే గాలి విలువ తెలుస్తుందనేవాడు. బండి టైరు పంక్చరైతే నడక ఆరోగ్యానికి మంచిదనేవాడు. తెల్లారేసరికి నా ఫోనుకు సూర్యోదయం బొమ్మ, దాని కింద ఒక సూక్తి వచ్చిపడేవి. నేను చూశానా లేదా అని మళ్ళీ ఫోను చేసి కనుక్కునేవాడు. చుట్టాలందరూ ఆయన్ని 'పాజిటివ్ మామ' అనేవాళ్ళు, ఎదురుగానే. ఆయన దాన్ని బిరుదుగా తీసుకున్నాడు.

ఒక ఆదివారం పూట ఆ మామ మా ఇంటికి వచ్చి, పొట్టేలు కూరతో భోంచేసి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని నా రోగానికి మందు చెప్పాడు. నాకు ఉద్యోగం రాకపోవడానికి కారణం నేను ఉద్యోగం లేనివాడిలా కనబడటమేనట. లుంగీ కట్టుకుని వరండాలో కూర్చున్నవాడి దగ్గరికి ఉద్యోగం ఎందుకొస్తుంది అని అడిగాడు.

"రేపట్నించి నీకు ఉద్యోగం వచ్చిందనుకో. పొద్దున్నే లెయ్యి, స్నానం చెయ్యి, టక్కు చేసుకో, బూట్లేసుకో, క్యారేజీ పట్టుకోని బయటికి పో. సాయంత్రం దాకా ఇంటికి రాబాకు. నువ్వు ఉద్యోగస్తుడి మాదిరి బతికితే, ఉద్యోగం నిన్ను వెతుక్కుంటా వస్తది."

నేను మా నాయన వైపు చూశాను. ఇలాంటి మాటలకు ఆయన తువ్వాలు దులుపుకుని లేచిపోతాడని నా ఆశ. ఆయన కాసేపు ఆలోచించి, పగలంతా వీడు వరండాలో కనబడకుండా ఉంటాడంటే అదేదో మంచి పనేనని తీర్పు చెప్పాడు. మా అమ్మ అప్పటికే క్యారేజీ కడగడానికి లేచింది.

మర్నాటి నుంచి నా ఉద్యోగ జీవితం మొదలైంది. ఉద్యోగం తప్ప అందులో అన్నీ ఉన్నాయి. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, పప్పన్నం క్యారేజీ. మా వీధి నుంచి బస్సు ఆగే చోటికి పొలంగట్టు మీదుగా పోవాలి కాబట్టి, బస్సెక్కేసరికి ఆ మెరుపు బురదలో కలిసేది. మామూలుగా నేను ముత్తుకూరు వైపు పోయేవాణ్ణి. పోర్టు, కరెంటు ఫ్యాక్టరీలు, వాటి చుట్టూ పుట్టిన చిన్నాచితకా కంపెనీలు అన్నీ అటువైపే. ప్రతి గేటు దగ్గరా నా బయోడేటా ఇచ్చేవాణ్ణి. సెక్యూరిటీ ఆయన దాన్ని గౌరవంగా తీసుకుని, గౌరవంగా బల్ల సొరుగులో పెట్టి, రేపు రమ్మనేవాడు. మర్నాడు వెళితే అక్కడ ఇంకో సెక్యూరిటీ ఆయన ఉండేవాడు.

ఇదైనా సరే, కాలక్షేపం అనుకునేవాణ్ణి. అసలు చిక్కు ఊళ్ళో వచ్చింది. రోజూ టక్కు చేసుకుని ముత్తుకూరు బస్సెక్కేవాడికి పోర్టులో ఉద్యోగం కాక ఇంకేముంటుందని ఊరు నిర్ణయించేసుకుంది. మా పక్కింటి ఆయన (పొద్దస్తమానం బోరు మోటారు దగ్గరే ఉంటాడని అందరూ మోటారు పెదనాన్న అంటారు) వాళ్ళబ్బాయిని కూడా లోపల పెట్టించమని నన్ను పట్టుకున్నాడు. నాకే రాలేదు పెదనాన్నా అని నిజం చెప్పాను. ఆయన నవ్వి, పెద్ద ఉద్యోగం వచ్చినోళ్ళు అట్టాగే అంటారన్నాడు. ఇంకొకాయన, ఓడల్లోంచి దిగే బొగ్గు కొంచెం చౌకగా ఇప్పించగలవా అని అడిగాడు. లేదని ప్రమాణం చేసిన కొద్దీ నా హోదా పెరిగింది. కడుపుమండి ఒకరోజు రచ్చబండ దగ్గర గట్టిగానే అరిచాను, నాకు ఉద్యోగం లేదు, ఊరికే తిరిగొస్తున్నాను అని. చూసినారా, ఎంత అణకువో, పిల్లోడికి గర్వమే లేదన్నారు. అబద్ధం చెప్పి మోసం చేసేవాళ్ళను చూశానుగానీ, నిజం చెప్పి ఇంత అవస్థ పడ్డవాణ్ణి నేను నన్ను తప్ప ఎవర్నీ చూడలేదు.

అలా ఒక మధ్యాహ్నం, గేట్లన్నీ అయిపోయి, ఎండకు తల తిరిగి, ఏ షేర్ ఆటో కనిపిస్తే అది ఎక్కేసి సముద్రం ఒడ్డున దిగాను. ఒడ్డు పొడుగునా సరుగుడు తోట. నీడలో కూర్చుని క్యారేజీ విప్పుదామని లోపలికి నడిస్తే, ఒక చెట్టు మొదట్లో ఎవరో టక్కు చేసుకున్న మనిషి, బూట్లు విప్పి పక్కన పెట్టుకుని, అచ్చం నాలాగే క్యారేజీ ముందు పెట్టుకుని ఒక్కడే అన్నం కలుపుకుంటున్నాడు. వెనకనుంచి చూసి, ఈ లోకంలో నాలాంటివాడు ఇంకొకడున్నాడని ముచ్చటపడి, పలకరిద్దామని దగ్గరికి వెళ్ళాను. ఆయన తల తిప్పాడు. మా మామ.

ఆయన చేతిలోని ముద్ద అటు నోట్లోకీ పోలేదు, ఇటు గిన్నెలోకీ దిగలేదు. ఆఫీసు పని మీద ఇటు వచ్చినావా మామా అని నేనే అడిగాను, ఆయనకు ఒక దారి చూపిద్దామని. ఆయన ఆ దారి పట్టలేదు. ముద్ద కింద పెట్టి, సముద్రం వైపు చూస్తూ చెప్పాడు.

"బ్రాంచి ఎత్తేసినారు రా. శానా రోజులైంది. మీ అత్తకు తెలీదు. పిల్లకాయలకూ తెలీదు."

అంటే ఆ ఆదివారం మా ఇంట్లో పొట్టేలు కూర తిని నాకు చెప్పిన మందు, అప్పటికే ఆయన వాడుతున్న మందన్నమాట. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆయన తన క్యారేజీలోంచి కొంచెం చేపల పులుసు నా అన్నంలో వేసి, "తిను, అత్త బాగా చేస్తది" అనేసరికి, ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అన్నంతోపాటు మింగేశాను.

ఆ తర్వాత చాలా రోజులు మా ఇద్దరి ఆఫీసూ ఆ సరుగుడు తోటే. పొద్దున గేట్ల చుట్టూ తిరగడం, మధ్యాహ్నానికి అక్కడ కలుసుకోవడం. తోడు దొరికిందని నేను సంతోషపడి ఉంటానని మీరనుకుంటే, మా మామ మీకు తెలియనట్టే లెక్క. ఉద్యోగం పోయినా ఆయనకు ఆ పాజిటివ్ జబ్బు తగ్గలేదు. చెమటలు కారుతుంటే సముద్రపు గాలి ఊపిరితిత్తులకు మంచిదనేవాడు. చీమలు కుడితే రక్తప్రసరణ అనేవాడు. నా చేత అలల వైపు నిలబడి 'నేను సాధిస్తాను' అని గట్టిగా అనిపించేవాడు. వలలు సర్దుకునే జాలర్లు పని ఆపి, జాలిగా చూసేవాళ్ళు. వాళ్ళలో ఒకాయన ఒకసారి మా దగ్గరికి వచ్చి, మామను పక్కకు పిలిచి, పిల్లోడికి ఎప్పట్నించి ఇట్టా ఉండాది అని మెల్లగా అడిగిపోయాడు.

కోతలు దగ్గరపడుతున్నాయి. బోగోలు నుంచి పెద్దబావ, నాకోసం కొట్లో కొత్త కుర్చీ కూడా కొన్నట్టు కబురు పెట్టాడు. సరిగ్గా అప్పుడు, వెంకటాచలం దగ్గర హైవే పక్కన ఒక గిడ్డంగుల కంపెనీలో సూపర్‌వైజరు కావాలని తెలిసింది. తెలిసింది ఇద్దరికీ. ఉన్నది ఒక్క ఉద్యోగం. అంటే మేనమామా మేనల్లుడూ ఒకే కుర్చీకి పోటీ అన్నమాట. నేను రానులే, నువ్వు పో మామా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, పోటీ మనిషిని పదునుపెడుతుందన్నాడు. ఇంటర్వ్యూ రోజు బెంచీ మీద నా పక్కన కూర్చుని, నా కాలరు సర్ది, వెన్ను నిటారుగా పెట్టించి, లోపల నవ్వు ముఖంతో ఉండాలని చెప్పాడు. చెబుతున్నంతసేపూ తన బయోడేటాను మడిచి, విప్పి, మళ్ళీ మడుస్తూనే ఉన్నాడు. నేను చూడనట్టు గోడ వైపు తిరిగాను.

ముందు ఆయన్ని పిలిచారు. చాలాసేపు పట్టింది. బయటికి వచ్చేటప్పుడు ముఖం వెలిగిపోతోంది. తర్వాత నేను వెళ్ళాను. లోపల బట్టతల ఆఫీసరు ఒకాయన రెండు చేతులతో తల పట్టుకుని కూర్చున్నాడు. బయట ఉన్న పెద్దమనిషి నీకేమవుతాడని అడిగాడు. మా మామ అని చెప్పాను.

"ఆయన మాకు ఇంటర్వ్యూ ఇవ్వలా. క్లాసు చెప్పినాడు. నువ్వూ చెప్తావా ఏంది?"

"లేదు సార్. నేను వింటానంతే. చదువు అయినకాడ్నించీ ఆయన చెప్పేది వింటానే ఉండా."

ఆఫీసరు తలెత్తి నన్ను కొత్తగా చూశాడు. ఎప్పుడూ ఎదురు చెప్పలేదా అని అడిగాడు. చెప్పలేదన్నాను. లేచిపోలేదా అన్నాడు. పోలేదన్నాను. ఆయన పక్కన కూర్చున్న ఇంకో ఆఫీసరు వైపు తిరిగి, లారీ డ్రైవర్లు, హమాలీలు, సరుకు ఆలస్యమైందని తిట్టే వ్యాపారులు, వీళ్ళందరి మధ్యా నిలబడాలంటే ఇలాంటి ఓపిక ఉన్నవాడే కావాలన్నాడు. ఆ తర్వాత నా చదువు గురించి కూడా ఏవో అడిగారు, వాళ్ళ తృప్తి కోసం. ఉద్యోగం నాకిచ్చారు. మామకు వయసు ఎక్కువైందన్నారు.

బయటికి వచ్చి చెబితే మామ నన్ను వాటేసుకున్నాడు. చూసినావా, నేను చెప్పినట్టే అయింది గదా అన్నాడు. అన్నిటికన్నా ఒళ్ళు మండింది అక్కడే. ఆలోచిస్తే ఆయన చెప్పిందే నిజం. ఆయన లేకపోతే ఆ ఉద్యోగం నాకు వచ్చేది కాదు. కానీ ఆ రావడం ఆయన అనుకున్న పద్ధతిలో కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయన నా భుజం తడుతూ, మాట్లాడుతూ హైవే దాకా నడిచాడు. బస్సు కోసం నిలబడ్డాక మాటలు ఆగిపోయాయి. ఆయన మాట్లాడకుండా ఉండటం నేనెప్పుడూ చూసి ఎరగను. చివరికి, ఇంక మీ అత్తకు చెప్పక తప్పదు, నువ్వు కూడా రా, అన్నాడు. అందులో పాజిటివ్ ఏమీ లేదు.

నెల్లూరులో వాళ్ళింటికి వెళ్ళాం. అత్త మల్లెపూలు కడుతోంది. మామ కుర్చీలో కూర్చుని, గొంతు సవరించుకుని, జీవితంలో ప్రతి ముగింపూ ఒక ఆరంభమేనని మొదలుపెట్టాడు. అత్త దారం ముడి వేస్తూ, తలెత్తకుండానే అంది.

"ఆఫీసు మూసేసినారని నాకు తెలుసు. రోజూ ప్యాంటు మడతల్లో ఇసక రాలతా ఉంటే, ఫైనాన్సు ఆఫీసులో ఇసక యాడిదని అనుకోనా?"

మరి ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదత్తా అని నేనే అడిగాను.

"అడిగితే ఆ నవ్వు ముఖం కూడా పొయ్యేది గదా అబ్బయా. ఆయనే చెప్తాడని చూస్తుండా. ఈమధ్య గిన్నెలు రెండేసిసార్లు నాకినట్టు వస్తుంటే ఇంకెవరో కూడా తింటుండారనుకోని, పులుసు ఎక్కువేసి పంపిస్తుండా." అప్పుడు తలెత్తి నన్ను చూసింది. "నువ్వేనా అది?"

మామ తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. చాలాసేపు తియ్యలేదు. అత్త పూలు పక్కన పెట్టి, కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళింది, ఆయన తీరిగ్గా ముఖం తుడుచుకోవడానికి వీలుగా. కాఫీ తెచ్చాక చెప్పింది, వీధి చివర కోచింగ్ సెంటరువాళ్ళకు పిల్లలతో మాట్లాడే మనిషి కావాలట, తాను ముందే కనుక్కుని పెట్టిందట. అలా మా మామ, పోయిన ప్రతి ఇంటర్వ్యూలోనూ ఫెయిలైన మా మామ, ఇంటర్వ్యూలు ఎలా పాసవ్వాలో పాఠం చెప్పే మాస్టారయ్యాడు. ఇప్పటికీ అదే పని. పిల్లలు బాగానే వింటారట. వినక ఏం చేస్తారు, తలుపు ఆయన వెనక ఉంటుంది.

నేను ఆ గిడ్డంగుల్లోనే ఉన్నాను, కొంచెం పెద్ద కుర్చీలో. పోయిన నెల ఒకరోజు సెలవు దొరికితే, ఎన్నేళ్ళకో ఆ సరుగుడు తోటకు ఒక్కణ్ణే వెళ్ళాను. చెట్లు కొన్ని కొట్టేశారు, కొన్ని ఎదిగాయి. నీడ చూసుకుని కూర్చున్నానో లేదో ఫోను మోగింది. ఏదో లారీ గేటు దగ్గర ఇరుక్కుందట. మాట్లాడి పెట్టేలోపు ఇంకొకటి, అది కాగానే మరొకటి. విసుగొచ్చి ఫోను నోరు నొక్కేసి, ఇసుకలో బోర్లా పెట్టాను. పెట్టాక నవ్వొచ్చింది. ఇదే ఇసుకలో కూర్చుని, ఎవరైనా ఫోను చేసి ఒక్క పని చెబితే చాలని, టవరు సిగ్నలు కోసం చెట్టు చెట్టుకూ తిరిగిన ఆ టక్కు చొక్కా కుర్రాడు ఈ అలలముందు నిలబడి నన్ను చూస్తే, ఏమనుకునేవాడో. పాపం, వాడికి ఎంత తీరిక ఉండేదో వాడికి తెలియదు.