మట్టి కప్పు పగిలిన చప్పుడు

పోయినేడు కలకత్తా సాల్ట్ లేక్‌లో, ఆఫ్రికా దేశాలతో వ్యాపారం పెంచే ప్రభుత్వ సలహా మండలి సమావేశంలో మా మావయ్య టీ పోస్తున్నాడు. సాయంగా నేనూ వెళ్లాను. విరామంలో మావయ్య తన టీ తాగేసి, కలకత్తాలో అందరికీ ఉన్న అలవాటు కొద్దీ, మట్టి కప్పును నేలకేసి కొట్టాడు.

తుపాకీ పేలినట్టు ఫట్‌మంది. సమావేశానికి వచ్చిన ఒక ఆఫ్రికా దేశపు మంత్రిని ఆయన అంగరక్షకుడు కిందికి లాగేశాడు. ఇంకొకడు మావయ్య గుండెకు తుపాకీ గురిపెట్టాడు.

“ఏటైనాదే? నానేటి సేసినాను?” మావయ్య నావైపు తిరగబోయాడు.

“కదలకు మావయ్యా!”

నేను వంగి, పగిలిన కప్పు పెంకు తీసి చూపిస్తూ “టీ కప్ సార్, టీ కప్!” అని ఏడ్చేశాను. తుపాకీ దిగింది.

మంత్రి బట్టలు దులుపుకుని, టీ అడిగి తాగి, తనూ కప్పు పగలగొట్టాడు. అందరూ నవ్వారు.

మావయ్య నవ్వలేదు. ఇప్పటికీ ఖాళీ కప్పును రెండు చేతులతో పట్టుకుని, చప్పుడు కాకుండా నేల మీద పెడతాడు.