నిడదవోలు స్టేషన్‌లో తాళాలు

ఒక మహా యుద్ధం గురించి చెబుతాను. నిజానికి యుద్ధమేమీ లేదు, నిడదవోలు స్టేషన్‌లో ఒకాయనకు ఫిట్స్ వచ్చాయి.

"తాళాలు పెట్టండి" అన్నారెవరో. తలా ఒక గుత్తి ఆయన గుప్పిట్లో కుక్కాం. నా బండి తాళమూ ఇచ్చాను. వాటితో వీధంతా తెరవొచ్చు. ఆయన కళ్ళు మాత్రం తెరుచుకోలేదు.

ఒకావిడ జనాన్ని తోసుకొచ్చి, ఆయన్ని పక్కకు తిప్పి, చెంప కింద అరచేయి పెట్టారు. నురగంతా బయటికి కారింది. ఊపిరి వినబడింది.

"మీరు నర్సాండి?" అన్నాను.

"కాదు బాబూ. మా అబ్బాయికి మేమూ తాళాలే పెట్టాం. వెల్లకిలా ఉంచేశాం. వాంతి గొంతుకి అడ్డంపడిపోయింది."

అంబులెన్స్ వచ్చేదాకా ఆవిడ ఆ చేయి తీయలేదు.

ఆయన్ని తాళాలతో సహా ఎక్కించేశారు. డూప్లికేట్ తాళాలు స్టేషన్ ఎదురుగానే చేస్తారు.