టిష్యూ ప్యాకెట్టు పెట్టిన బెంచీ

సింగపూర్‌లో ఆడవాళ్ళు ఐస్ హాకీ జట్టు కట్టిన కొత్తలో హాజరా దానికి గోల్‌కీపర్. వరంగల్ నుంచి బ్యాంకు ఉద్యోగానికి వచ్చిన ఆమె అంతకుముందు చూసిన మంచుగడ్డలు చెరకురసం బండి మీదివే.

ఆ రోజుల్లో మగవాళ్ళు ఆడి విడిచిన ప్యాడ్లే వీళ్ళకు దిక్కు. ఆ చెమటకంపు ఇంటిదాకా వచ్చేది. స్కేట్లు కట్టుకోవడానికి ఒక్కటే బెంచీ, దాని నిండా మగవాళ్ళ సంచులే. అందుకే హాజరా అందరికంటే ముందే వెళ్ళి, అక్కడివాళ్ళు తిండి అంగళ్ళుండే హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్టు పెట్టి బల్ల చోప్ చేసినట్టు, అంటే ముందే పట్టుకున్నట్టు, బెంచీ పొడుగునా టిష్యూ ప్యాకెట్లు పెట్టి తన జట్టుకు చోటు పట్టేది. ఎవడైనా వాటిని పక్కకు నెట్టి కూర్చుంటే, "గీడ మా పోరీలు కూసుంటరు, కండ్లు కనవడ్తలేవా?" అని తెలుగులోనే గద్దించేది. భాష రాకున్నా వాళ్ళు లేచేవాళ్ళు.

వాళ్ళు ఆడిన ఆ మంచు మైదానం, ఆ రింకు ఇప్పుడు లేదు. మొన్న ఆదివారం కూతురు సహర్ మొదటి మ్యాచ్ చూడటానికి హాజరా కొత్త రింకుకు వెళ్ళింది. స్కేట్లు కట్టుకునే గదిలోకి రాగానే సంచిలోంచి ప్యాకెట్టు తీసి బెంచీ మీద పెట్టింది.

సహర్ పకపకా నవ్వింది. "అమ్మీ, నో నీడ్ లా! దిస్ రూమ్ ఈజ్ అవర్స్. డోర్ మీద బోర్డ్ చూడలేదా?"

హాజరా వెనక్కి వెళ్ళి, మహిళల జట్టు అని రాసి ఉన్న బోర్డును వేళ్ళతో తడిమింది. తిరిగొచ్చి, చోటు పట్టడానికే తప్ప ఇన్నేళ్ళలో ఏనాడూ విప్పని ప్యాకెట్టును విప్పింది.

"ఏం జూస్తున్నవ్? చలికి కండ్లల్ల నీళ్ళొస్తయి. పో, ఆడు."