మా బడికి తెలుగు తరగతి తెచ్చినవాళ్లు

నా చిన్నప్పుడు, కరోనా వచ్చిన మొదటి ఏడాది, సూరత్‌లో పర్వత్ పాటియా దగ్గర మా గల్లీలో సాంచెల చప్పుడు ఆగిపోయింది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ మరమగ్గాల మోతలోనే నిద్రపోయినవాళ్లం. అది లేకపోయేసరికి పిల్లలకు నిద్ర పట్టేది కాదు, పెద్దలకు అసలే పట్టేది కాదు. అందరం సిరిసిల్ల వైపు నుంచి బతకవచ్చినవాళ్లమే. సగం మంది దొరికిన బండి ఎక్కి ఊళ్లకు పోయారు. మా బాపు మాత్రం సేఠ్ ఇవాళో రేపో సాంచెలు నడిపిస్తాడని నమ్ముకుని ఆగిపోయాడు. ఆ నమ్మకంతోనే ఎండాకాలమంతా గడిచింది.

బడి మూసేశారు. పాఠాలు ఫోన్లో చెబుతారన్నారు గానీ, ఇంటికి ఒకటే ఫోను, అదీ బాపు జేబులో. అప్పుడు మా పక్కింటి అక్క పూనుకుంది. ఆమె డిగ్రీ చదువుతూ, గల్లీ ఆడవాళ్ల పొదుపు సంఘం పనులు చూసేది. ఎండ తగ్గాక పిల్లలం ఎవరి గడపలో వాళ్లం కూర్చునేవాళ్లం, మూతులకు చీర ముక్కలతో కుట్టిన మాస్కులు కట్టుకుని. అక్క గల్లీ మధ్యలో స్టూలు వేసుకుని గట్టిగా చెప్పేది. ఎక్కాలు అయ్యాక మా గల్లీ ఆడవాళ్ల చరిత్ర కూడా చెప్పాలని ఆమె పట్టుదల. సంఘంలో అందరూ సరేనన్నారు. తీరా మీ సంగతులు చెప్పండని అడిగితే ఒక్కరూ ముందుకు రాలేదు. "మాదేమున్నదే చెప్పెటందుకు? చీరలకు రాళ్లు అంటువెట్టుడు, వంట జేసుడు, గంతే" అని తలుపులు దగ్గరికి వేసుకున్నారు.

మా అక్క తక్కువది కాదు. మర్నాడు స్టూలు మీద కూర్చుని, ఈ గల్లీకి నల్లా తెచ్చింది ఫలానా నాయకుడనీ, ఆయన ఎంతో దయగలవాడనీ గొంతెత్తి మొదలుపెట్టింది. మాట పూర్తి కాకముందే రెండు తలుపులు తెరుచుకున్నాయి. "ఏందీ, వాడు తెచ్చిండా? బిందెలు వట్టుకొని ఆఫీసు ముంగట కూసున్నది మేం గాదా?" అక్క ఏమీ ఎరగనట్టు, "అవునా అత్తా, నాకు తెల్వకపాయె" అంది. ఇక రోజూ అదే వరస. ఆమె తప్పు చెప్పడం, గల్లీ దిద్దడం. చెప్పమంటే చెప్పనివాళ్లు, తప్పు చెబితే మాత్రం పొయ్యి మీద కూర మాడుతున్నా వదిలేసి వచ్చేవాళ్లు. అదంతా ఎత్తు అని మాకు తర్వాత గానీ తెలియలేదు. పాపం, ఇంత చదివినా అక్కకు ఏమీ రాదని జాలిపడేవాళ్లం.

చివరి రూంలో ఒక అవ్వ ఉండేది. కొడుకూ కోడలూ పెళ్లికని ఊరికి పోయి అక్కడే చిక్కుబడ్డారు. ఆమెకు గల్లీవాళ్లే తలా ఒక పూట అన్నం పెట్టేవారు. ఒక సాయంత్రం అక్క, మన బడికి తెలుగు తరగతి తెచ్చింది కులసంఘం పెద్దమనిషి అని చెప్పింది. అందులో తప్పేముందో మాకు తోచలేదు. బడిలో ఏటా ఆయన ఫోటోకే కదా దండ వేసేవాళ్లం. ఇంతలో చివరి రూం నుంచి దగ్గు వినిపించింది, దగ్గు వెనకే మాట. "ఎవడు తెచ్చిండే? గప్పుడు గాయన రింగ్ రోడ్ చీరల దుకాన్ల గుమాస్త. పోయింది మేం!"

అవ్వ గడపలోకి వచ్చి చతికిలబడింది. ఆ రోజుల్లో మగవాళ్లు పొద్దస్తమానం సాంచెల మీదే ఉండేవారట. పిల్లలు గుజరాతీ పాఠాలు అర్థంగాక వెనక బెంచీల్లో నిద్రపోయేవారట. ఆడవాళ్లు పోయి తెలుగు పంతులమ్మను పెట్టమని అడిగితే, అంతమంది పిల్లలు లేరన్నారు. వీళ్లు మర్నాడు గల్లీలోని పిల్లలందరినీ, చంకలోవాళ్లతో సహా, తీసుకుపోయి లెక్కపెట్టుకోమన్నారు. అందులో మా బాపు కూడా ఉన్నాడు, నేను పుట్టకముందే పోయిన మా నాయనమ్మ చంకలో. పాలు మానని మా బాపు విద్యార్థుల లెక్కలోకి వచ్చాడని విని గల్లీ అంతా నవ్వింది. కరోనా వచ్చాక మేమంతా కలిసి నవ్వింది అప్పుడే. బడి పెద్దసారు పొమ్మన్నా వీళ్లు పోలేదు. కూలి పోతుందని వెంట తెచ్చుకున్న చీరల కట్టలు విప్పి, వరండాలోనే కూర్చుని దారాలు కత్తిరించడం మొదలుపెట్టారు. ఆ దారం తుక్కు తరగతి గదుల్లోకి ఎగిరింది. చివరికి పెద్దసారు కాపలావాణ్ని పిలిచి, వీళ్లను గేటు బయటికి తోసెయ్యమన్నాడు. వాడు కర్ర పట్టుకుని వచ్చాడు.

అక్కడికి వచ్చేసరికి అవ్వ తనలో తాను నవ్వుకుంది. ఏం తలుచుకుందో మరి. ఆ నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు. "దమ్మొస్తున్నది బిడ్డా. జర ఆగుండ్రి, రేపు చెప్త" అని లోపలికి పోయింది.

తెల్లారేసరికి అవ్వకు ఒళ్లు కాలిపోతోంది. ఒళ్లంతా కప్పుకున్నవాళ్లు అంబులెన్సులో వచ్చి తీసుకుపోయారు. కొన్నాళ్లకు ఆమె లేదన్న కబురు వచ్చింది. శవాన్ని ఎవరూ చూడలేదు. గల్లీలో ఎవరి ఇంట్లో వాళ్లు తలుపులు మూసుకుని ఏడ్చారు. అవ్వతో పాటు ఆనాడు బడికి పోయినవాళ్ల కోసం అక్క ఊళ్లకు ఫోన్లు చేసింది. ఎప్పుడో పోయారన్నారు. మిగిలిన ఒక్కామెకు కన్నకూతురే గుర్తుకు లేదట.

మళ్లీ పాఠం పెట్టిన రోజు అక్క ఎక్కాలు చెప్పించలేదు. స్టూలు మీద కూర్చుని, "తెలుగు తరగతి తెచ్చింది పెద్దమనిషి" అని మెల్లగా అంది. మేమంతా చివరి రూం వైపు చూశాం. తాళం వేసి ఉంది. ఏ తలుపూ తెరుచుకోలేదు. నాకు ఒక్కసారిగా భయమేసింది. ఇక దిద్దేవాళ్లు లేరు కదా, ఆ తప్పే నిజమై కూర్చుంటుంది కదా అని. మా నాయనమ్మ ఆ వరండాలో కూర్చోనే లేదన్నట్టు అయిపోతుంది కదా అని. "కాదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"మరేంది?" అంది అక్క. విన్నదంతా చెప్పాను, కాపలావాడు కర్రతో వచ్చేదాకా. తర్వాత ఏమైందని అడిగింది. నాకు తెలియదు. తెలియదనడానికి సిగ్గేసి, "పెద్దమనిషి అచ్చి ఆపిండేమో" అన్నాను.

అక్క లేచి నిలబడింది. "తెల్వకుంటే తెల్వదను చెల్లే. గాడ ఖాళీ ఉండనియ్యి. గా ఖాళీల మాత్రం పెద్దమనిషిని కూసోవెట్టకు" అంది. అంటూనే మాస్కు కళ్లదాకా లాక్కుని గల్లీ నడుమ నిలబడి ఏడ్చింది. ఆ రోజు ఆమెను ఓదార్చడానికి దగ్గరికి వెళ్లే వీలు కూడా మాకు లేదు.

ఆ తెలుగు తరగతిలోనే నేను చదువుకున్నాను, పెద్దయ్యాక అక్కడే పాఠాలు చెప్పాను. ఇప్పుడు మా పొదుపు సంఘం ఆడవాళ్లు ఏటా పిల్లలచేత ఈ కథను నాటకం వేయిస్తారు. ముగింపు లేకపోతే బాగుండదమ్మా, ఎవరో ఒకరు వచ్చి కాపాడినట్టు పెడదామని ప్రతి ఏడూ ఎవరో ఒకరు బతిమాలుతారు. నేను ఒప్పుకోను. కర్ర పట్టుకున్న కాపలావాడి ముందు ఆడవాళ్లు కదలకుండా కూర్చుంటారు, నాటకం అక్కడితో ఆగిపోతుంది. తర్వాత ఏమైందని పిల్లలు అడుగుతారు. తెలియదంటాను. అన్న ప్రతిసారీ అవ్వ మీద కోపమొస్తుంది, ఇంకొక్క మాట చెప్పి పోకూడదా అని. ఆ వెంటనే ఏడుపొస్తుంది. అయినా ఇన్నేళ్లలో ఆ ఖాళీ చోటు నేను ఎవరికీ ఇవ్వలేదు.